తీగకి గుచ్చిన ఉత్తరం

మండపేట,
6 ఏప్రిల్ 1981

చిరంజీవి సౌభాగ్యవతి కన్యకకు,

అన్నయ్య నాగేశ్వరప్రసాద్ మనసారా దీవించి రాయునది. ఈ ఇంట దేవుడి దయవల్ల ఏ లోటూ లేదు. నీ ఇంట కూడా ఏ లోటూ ఉండరాదని పొద్దున దీపం పెట్టినప్పుడల్లా కోరుకొనుచున్నాము.

మన అమ్మాయి సత్యకుమారి వివాహము వచ్చే నెల 17వ తేదీ ఆదివారము నిశ్చయమైనది. సంబంధము మంచిది. అబ్బాయి బుద్ధిమంతుడు, మాట పొదుపరి.

అమ్మా, గడిచినవి గడిచినవి. ఈ ఇంట పుట్టిన ఆడపిల్ల అలిగి కూర్చుంటే ఇల్లు ఇల్లులా ఉండదు. గుమ్మానికి పసుపు రాయడానికి చేతులు చాలానే ఉన్నవి. ఆ గుమ్మము ఎదురుచూసేది మాత్రము నీ పాదము కోసమే. మేనత్త చేతి బాసికము లేనిదే మన ఇంట ఇంతవరకు ఏ పెళ్ళీ జరగలేదు. నా వలన తప్పు జరిగి ఉంటే, చిన్నదానివైనా నీవే పెద్ద మనసు చేసుకోవలెను.

కావున బావగారిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని నాలుగు రోజుల ముందే రావలెను. జట్కా దొరకదనుకుంటే ముందుగా కబురు చేయవలెను, బండి పంపెదను.

నీ రాక చూచుకొనుచు,
నీ అన్న
నాగేశ్వరప్రసాద్


రాజమండ్రి,
11 ఏప్రిల్ 1981

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. నీ ఉత్తరం అన్నాను గానీ, అది నీది కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. సత్యకి పెళ్ళి కుదిరిందని సంతోషంగా ఉంది. దానికి నా దీవెనలు చెప్పు. సంతోషం వరకు ఇంతే. ఇక నా కోపం విను.

ఆ ఉత్తరం నాన్నది. నీ పెళ్ళికి కోరుకొండలో ఉన్న జగదాంబత్తయ్య అలిగి రానంటే నాన్న రాసింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నా దస్తూరీ బాగుంటుందని నాన్న చిత్తుకాగితం నా చేతికిచ్చి కొట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి మంచి ప్రతి రాయించారు. 'గుమ్మము ఎదురుచూసేది నీ పాదము కోసమే' అని రాస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఆ మాట నాకు నోటికి వచ్చు. అబ్బాయి ఉన్నచోట అమ్మాయి అని పెట్టి దాన్నే నాకు పంపించడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

మన కొట్టు గోడకి వేలాడే ఆ ఇనప తీగ నాకు తెలీదా? వచ్చిన ఉత్తరాలూ, పంపినవాటి చిత్తులూ అన్నీ దానికి గుచ్చేవాళ్ళు. ఎవరికేం రాయాలన్నా తీగ దింపడం, పాతది ఒకటి లాగడం, పేర్లు మార్చి దించెయ్యడం. వడ్ల వ్యాపారానికి అది సరిపోతుంది. తోడబుట్టినదానికి కూడానా?

మార్చడమన్నా సరిగ్గా మార్చావా అంటే అదీ లేదు. రాజమండ్రి నుంచి మండపేటకి గంటకో బస్సుంటే నాకు జట్కా పంపిస్తానంటావు! అది కోరుకొండ అత్తయ్యకి రాసిన ముక్క. 'ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని' అట. ఇద్దరు కొడుకులు అత్తయ్యకి. నాకున్నది ఒక్కతే కూతురు, మనం చిన్నమ్మాయి అని పిలిచేది. రెండోవాడు నాలుగు నెలలు బతికి పోయాడన్న సంగతి నీకు గుర్తు లేదా? దించేటప్పుడు ఆ మాట దగ్గరైనా కలం ఆగలేదా?

ఎందుకు గుర్తుంటుంది? వాడు పోయినప్పుడు నువ్వేం రాశావో నాకు గుర్తుంది. 'జరిగిన నష్టమునకు మిక్కిలి విచారించుచున్నాము. కాలము కలిసిరాక ఇట్లు జరిగినది. త్వరలోనే మునుపటివలె పుంజుకొనగలరని నమ్ముచున్నాము.' గోడౌను తగలబడ్డ తాడేపల్లిగూడెం బ్రోకరుకి రాసిన ఉత్తరం అది. నాన్న పేరు పెట్టుకున్న బిడ్డ, నా చిట్టియ్య పోతే, నేను పుంజుకుంటానని రాశావు. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఆ రోజంతా వంటింట్లో కూర్చున్నాను. అందుకే ఈ అయిదేళ్ళూ మీ గుమ్మం తొక్కలేదు.

నేను పెళ్ళికి రాను. సత్యకి బాసికం ఎవరిచేతనైనా కట్టించుకో. అందుకు కూడా తీగ మీద ఏదో ఒకటి దొరక్కపోదు.

కన్యక


మండపేట,
18 ఏప్రిల్ 1981

కన్యకా,

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించమంటే నావల్ల కాలేదు. తనే లాక్కుని చదువుకుంది. చదివి, 'మీకు బుద్ధి లేదండీ' అని లోపలికి వెళ్ళిపోయింది. ఇంట్లో పెళ్ళి పనులు పెట్టుకుని నేనిప్పుడు ఇద్దరు ఆడవాళ్ళ కోపం మోస్తున్నాను.

అవును, నాన్న ఉత్తరమే దించాను. ఏం తప్పు చేశాను? ఆ ఉత్తరానికి అత్తయ్య వచ్చింది కదా! మూడేళ్ళు పలకని మనిషి బండి దిగి తిన్నగా వచ్చి నా నుదుట బాసికం కట్టింది. అంతకన్నా మంచి ఉత్తరం నేనెక్కడ రాయగలను? నీకు నాన్న దగ్గర చదువబ్బింది. నాకు అబ్బింది వడ్ల గింజ కొరికి తేమ చెప్పడం. మంచి బట్ట ఉన్నవాడి దగ్గర అరువు తెచ్చుకుని పెళ్ళికి వెళ్తే తప్పు పడతావా?

ఇంకో సంగతి. ఆ గుమ్మం మాట నాన్నదని మురిసిపోతున్నావు. అది నాన్నది కూడా కాదు. నాయనమ్మ పసుపు దంచేటప్పుడు పాడుకునే పాటలోది. మొన్న పెళ్ళి పిలుపుకి కోరుకొండ వెళ్తే అత్తయ్యే చెప్పింది. 'మీ నాన్న ఆ మాట రాశాడని చూడగానే మా అమ్మ గొంతు వినపడిందిరా, అందుకే వచ్చాను' అంది. పాటలో ఉన్నది గడపట, నాన్న గుమ్మం చేశారట. మరి నాన్నని కూడా తిట్టు.

నువ్వు మాత్రం? మీ వీధికి చేపలు తెచ్చే రత్తమ్మ కొడుకు పల్లంరాజు మా పక్క మిల్లులోనే బస్తాలు మోస్తాడు. నలభై ఏళ్ళవాడు, మీసాలున్నవాడు. వాళ్ళమ్మ నీచేత రాయించిన ఉత్తరాలు నా దగ్గరికే తెచ్చి చదివించుకుంటాడు. నీ దస్తూరీ నేను పోల్చుకోలేనా? నువ్వు నాకు ముక్క రాయకపోయినా అయిదేళ్ళుగా నీ అక్షరాలు చదువుతూనే ఉన్నాను. ప్రతి దానిలోనూ మొదట అదే మాట. 'నాయనా, నీ మీద బెంగగా ఉంది. వేళకి అన్నం తింటున్నావా?' కామా కూడా మారదు. నీకూ ఒక తీగ ఉంది, కాకపోతే అది నీ బుర్రలో ఉంది. అయినా చెప్తున్నా, ఆ పల్లంరాజు ఆ మాట విన్న ప్రతిసారీ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. పాత మాటే కదా అని వాడేం విసుక్కోలేదు.

అయిదేళ్ళ కిందటి ఆ ఉత్తరం సంగతి. నాకు పచ్చకామెర్లు వచ్చి మంచం దిగలేని రోజులు. అంతకన్నా చెప్పడానికేం లేదు.

జట్కా మాట పొరపాటు, ఒప్పుకుంటున్నాను. పిల్లల లెక్క సంగతి వదిలెయ్.

పందిరి రాటలకి మనిషిని పురమాయించాను. పూల కుండీలు కడియం నుంచి వస్తాయి. నువ్వు కోపం తగ్గించుకుని రా.

నాగేశ్వరప్రసాద్


రాజమండ్రి,
24 ఏప్రిల్ 1981

అన్నయ్యా,

వదిలెయ్యమంటావా? పిల్లల లెక్క వదిలెయ్యమంటావా? ఎంత సులువుగా రాశావు! బస్తాల లెక్కలో ఒకటి తేడా వస్తే రాత్రంతా దీపం పెట్టుకుని వెతికే మనిషివి, నా కడుపున పుట్టినవాడి లెక్క వదిలెయ్యమంటున్నావు.

రత్తమ్మ సంగతి నీకేం తెలుసు? ఆవిడ మాకు చేపల వాసన పడదని తట్ట వీధి చివర దింపి, చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. 'రాయమ్మా' అని మొదలుపెట్టి, 'నాయనా, నీ మీద బెంగగా ఉంది, వేళకి అన్నం తింటున్నావా' అంటుంది. ప్రతిసారీ అదే అంటుంది. నేను పోయినసారి, 'ఈ మాట అప్పుడు కూడా రాశాం కదా, వేరే ఏదైనా చెప్పు రత్తమ్మా' అన్నాను. 'బెంగ మారకపోతే మాట ఎలా మారుద్దమ్మా' అంది. అవి నా మాటలు కావు, తీగ మీద నుంచి తీసినవీ కావు. ఆవిడ ప్రతిసారీ కొత్తగా బెంగపెట్టుకుని చెప్పినవి. ఆ తేడా నీకు తెలియకపోవడమే నా బాధ.

నాయనమ్మ పాట సంగతి నాకు తెలియదు. తెలిశాక కొంచెం కోపం తగ్గిన మాట నిజమే. కానీ నాన్న ఆ మాటని తన చెల్లెలి కోసం వెతికి తీసుకున్నారు. నువ్వు వెతకలేదు. చేతికందింది లాగావు.

పచ్చకామెర్లు అన్నావు. అవి తగ్గాక వచ్చావు కదా! పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నావు. నేను తలుపు వెనకే నిలబడి ఉన్నాను, వాడి ఊసు ఒక్కటి ఎత్తుతావేమోనని. మధ్యాహ్నం దాకా ఈయనతో సార్వా పంట వడ్లు ఎలా పలుకుతున్నాయో మాట్లాడావు. కాలవలో నీళ్ళెప్పుడు కట్టేస్తారో మాట్లాడావు. మజ్జిగ తాగి బస్సెక్కి వెళ్ళిపోయావు. ఈయన లోపలికి వచ్చి, 'మీ అన్నయ్య మంచివాడే గానీ' అని ఆపేశారు. ఆ గానీ నాకు ఈ రోజుకీ వినపడుతుంది.

నాకు పెద్ద మాటలు అక్కర్లేదు. తప్పులున్నా పర్లేదు. నీ సొంత మాట ఒక్కటి రాయి. ఒక్కటంటే ఒక్కటి. అది రాయలేకపోతే నన్ను పిలవకు. అత్తయ్య ఇంకా ఉంది కదా, బాసికం ఆవిడే కడుతుంది.

కన్యక


మండపేట,
29 ఏప్రిల్ 1981

కన్యకా,

సరే. నువ్వన్నట్టే కానీ. అత్తయ్యని కడుతుందా అని అడిగించాను. ఆవిడకి చూపు ఆనడం లేదు, చేతులు వణుకుతున్నాయి, అయినా కడతానంది. 'కన్యక ఏదిరా' అని అడిగిందట. ఏం చెప్పాలో తెలియక వెళ్ళినవాడు మజ్జిగ తాగి వచ్చేశాడు. మా మగవాళ్ళందరం అంతే అనుకో.

నీ ఉత్తరం అందినప్పటి నుంచి రోజూ పడుకునే ముందు కాగితం పెట్టుకుని కూర్చుంటున్నాను. ఏం రాసినా ఎవరో అనేసిన మాటలాగే ఉంటోంది. చించి పారేస్తున్నాను. మీ వదిన కాగితాలు దండగ చేస్తున్నానని దెప్పుతోంది. నన్ను విసిగించడానికే నువ్వు ఈ పరీక్ష పెట్టావనిపిస్తోంది.

నాన్న చిత్తుకాగితం ఈ కవర్లో పెట్టి పంపుతున్నాను. తీగ మీద నుంచి తీసేశాను. నా దగ్గరుంటే మళ్ళీ ఎవరికో దించుతాను, మళ్ళీ తిట్లు తింటాను. నీకు నోటికి వచ్చు కదా, నీ దగ్గరే ఉంచుకో.

నాగేశ్వరప్రసాద్


రాజమండ్రి,
4 మే 1981

అన్నయ్యా,

కవరు అందింది. నాన్న అక్షరాలు చూసి చాలాసేపు ఏ పనీ చెయ్యలేకపోయాను. మధ్యలో తీగ గుచ్చిన చిల్లు చుట్టూ తుప్పు పట్టింది. వెనకవైపు ఏదో బస్తాల లెక్క.

రెండుసార్లు చదివాను. మూడోసారి చిన్నమ్మాయి చేత పైకి చదివించుకున్నాను, నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమోనని. గుమ్మం మాట ఉంది. జట్కా మాట ఉంది. 'పెద్ద మనసు చేసుకోవలెను' ఉంది. చివర, 'బావగారిని, పిల్లలను వెంటబెట్టుకుని నాలుగు రోజుల ముందే రావలెను' అని ఉంది.

పిల్లలను అనే ఉంది. ఇద్దరు అని లేదు.

నీ ఉత్తరం పక్కన పెట్టుకుని చూశాను. ఇద్దరు అని నువ్వు రాశావు. నాన్న రాయలేదు. నోటికి వచ్చునని గొప్పలు చెప్పుకున్నదాన్ని, నేనే తప్పు చెప్పాను.

ఎందుకు రాశావు? వదిలెయ్ అనకు. చెప్పు.

కన్యక


మండపేట,
8 మే 1981

కన్యకా,

ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు కాబట్టి మొదలుపెట్టకుండానే రాస్తున్నాను. కొట్టివేతలుంటాయి, ఏమనుకోకు. చిత్తు రాయలేదు. రాస్తే అదీ చించేస్తాను.

పోయిన నెలలో పెళ్ళి బట్టల చిట్టా రాశాం. మీ వదిన అమ్మణ్ణి పేర్లు చెప్తుంటే నేను రాస్తున్నాను. అత్తయ్య, అత్తయ్య కొడుకులు, కోడళ్ళు. తర్వాత తను 'కన్యకా వాళ్ళు' అంది. నేను కన్యక, బావగారు అని రాసి, కన్యక పిల్లలు ఇద్దరు అని రాశాను. రాశాక చూసుకున్నాను. అమ్మణ్ణి కూడా చూసింది.

కొట్టేద్దామని కలం పెట్టాను. నాకు చెయ్యి రాలేదు కన్యకా. కాగితం మీద చుక్క పడింది, అంతే. వాడుంటే ఇప్పుడు అయిదేళ్ళు. అయిదేళ్ళవాడికి ఎంత గుడ్డ పడుతుందో కూడా అనుకున్నాను.

ఆ చిట్టా ఎదురుగా పెట్టుకునే నీకు ఉత్తరం దించాను. పిల్లలను అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు అని కలిపాను. తెలిసే కలిపాను. పొరపాటు కాదు. నువ్వు చూసి ఏదో అర్థం చేసుకుంటావనుకున్నాను. నువ్వు సరిగ్గా ఆ మాటే పట్టుకుని తిట్టావు. ఇక ఎలా చెప్పను? అందుకే వదిలెయ్ అన్నాను.

బారసాల నాడు వాడు నా ఉంగరం వేలు పట్టుకున్నాడు గుర్తుందా? వదల్లేదు. వడ్డన అయిపోయినా నేను లేవలేదు. మీరందరూ నవ్వారు. మీ ఇంటికి వచ్చిన రోజు ఆ సంగతే చెప్దామని వచ్చాను. బస్సులో అంతా అనుకుంటూ వచ్చాను. అరుగు మీద కూర్చోగానే బావగారు వడ్ల ధర అడిగారు. ఆయన కూడా వేరే మాట దొరక్కే అడిగారేమో. ఇద్దరం దాన్నే పట్టుకుని కూర్చున్నాం. నువ్వు తలుపు వెనక ఉన్నావని నాకు తెలుసు. గాజులు వినపడ్డాయి.

కామెర్లప్పుడు మంచం మీద కాగితం పెట్టుకుని కన్యకా అని రాశాను. పొద్దు వాలేదాకా అదొక్కటే ఉంది. ఏమీ పంపకపోతే అన్నయ్యకి పట్టలేదనుకుంటావని భయపడి, తీగ తెమ్మన్నాను. నష్టం అన్న మాట కనిపించింది. అదే అనుకున్నాను. కింద ఏముందో చూడలేదు. ఇంత ఘోరంగా ఉంటుందనుకోలేదు. నన్ను క్షమించు అని రాస్తే అదీ పాత మాటే అవుతుంది. అయినా రాస్తున్నాను. క్షమించు.

ఒక్క సొంత మాట అడిగావు. నేను ముందే రాశాను. ఆ ఉత్తరమంతా నాన్నది, నాయనమ్మది. ఇద్దరు అన్న ఆ ఒక్క మాటా నాది.

అన్నయ్య


రాజమండ్రి,
11 మే 1981

అన్నయ్యా,

పెద్ద ఉత్తరం రాసే ఓపిక లేదు. నీ ఉత్తరం చదివి ఈయన పెరట్లోకి వెళ్ళిపోయారు. వచ్చాక, వడ్ల ధర తనే ముందు అడిగానని ఒప్పుకున్నారు.

నాన్న కాగితం నీకు తిరిగి తెస్తున్నాను. దాన్ని తీగకే గుచ్చుకో. రేపు సత్య అలిగితే మీ అబ్బాయికి పనికొస్తుంది. నువ్వు రాసిన ఈ ఉత్తరం మాత్రం నాదే. దీన్ని ఎవరూ దించడానికి వీల్లేదు. ఆ కొట్టివేతలు ఎవరూ దించలేరు కూడా.

అత్తయ్యకి బాసికం ముట్టించి తెచ్చి నేను కడతాను. ఆవిడ పక్కనుంటే నాకు చెయ్యి వణకదు. దారాలు వదినని పసుపులో తడిపి ఉంచమను.

గురువారం పొద్దున్న బస్సుకి వస్తున్నాం. బస్టాండుకి జట్కా పంపించు. పంపిస్తానని రాశావుగా, నేను దాంట్లోనే వస్తాను.

ఈయన, నేను, నా ఇద్దరు పిల్లలు. చిట్టాలో ఏదీ కొట్టెయ్యకు.

కన్యక